ఆరో వీధి సిగ్గుదండ

బహుళ సప్తమి

"వలలో ఏమి పడినది?" అని అడుగుతోంది మాటపెట్టె. పొద్దున్నే దీని గొంతు వింటే నాకు ఒళ్ళు మంట. గట్టు ఆఫీసు వాళ్ళు ప్రతి వీధి వలకాపరికీ ఇదొకటి అంటగట్టారు. మనం మాట్లాడాలి, అది రాసుకోవాలి, అమావాస్యకీ పున్నమికీ ఆఫీసులో ఎవరో కూర్చుని చదవాలి. చదివే బాబూ, నువ్వెవరివో గానీ నా నోరు పెద్దది. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకు.

నా పేరు నూకరత్నం. ఆరో వీధి వల నాది. వీధిలో ఇళ్ళ నీళ్ళన్నీ ఒకటే కాలవలోకి వస్తాయి. కాలవ చివర కొబ్బరిపీచు వల కడతాం. వల దాటాక అన్ని వీధుల నీళ్ళూ ఒకే పంపు గుంటలో పడితే, పంపు వాటిని గట్టు అవతల సముద్రంలోకి తోస్తుంది. ఇక్కడ సముద్రం మా వీధుల కంటే ఎత్తు. పోటు వేళైతే చెప్పక్కర్లేదు. పంపు మీద డ్యూటీ మా ఆయన పల్లయ్యది. ఆ పంపు చప్పుడు వింటూనే నేను వండుతాను, తింటాను, వీధిలో పోట్లాడతాను. చప్పుడు కాస్త మారిందా, చేతిలో పని అక్కడే పడేసి బయటికొచ్చేస్తాను.

ఒకసారి ఆగింది కూడాను. నాకు పెళ్ళైన కొత్త. పంపు రెక్కలకి చుట్టుకున్నవి లాగితే అన్నీ కవర్లే, టీ కప్పులే, షాంపూ పాకెట్లే. కింద వీధులు రెండు ఆ పోటుకే పోయాయి, మనుషులతో సహా. అప్పణ్ణించి గట్టు మీదికి ప్లాస్టిక్ రానివ్వరు. నూనెకి సీసా పట్టుకెళ్తాం, పప్పుకి గుడ్డసంచి, చేపలకి తాటాకు బుట్ట. సబ్బునీళ్ళూ కుంకుడు పులుసూ నింపుడు కొట్టులో పీపాల్లో ఉంటాయి, ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకెళ్ళి నింపించుకోవాలి. మొదట్లో విసుక్కున్నాం గానీ ఇప్పుడది అలవాటైపోయింది, గిన్నె లేకుండా గుమ్మం దాటితే చెయ్యి ఊరికే ఉన్నట్టుంటుంది.

ఇక నీ ప్రశ్నకి జవాబు. పడింది. ఇవాళ పడింది. పాకెట్ మూల చింపితే ఊడొచ్చే ముక్క, గోరంత. సముద్రంలో నానిన పాతదైతే రంగు వెలిసి, గవ్వపురుగు పట్టి గరుకుగా ఉంటుంది. ఇది తళతళలాడుతోంది. అంటే మా వీధిలోనే ఎవరో నిన్నో మొన్నో చింపారు.

రూలు రూలే. పురికొసకి గుచ్చి వీధి మొగలో కట్టాను. దాన్ని సిగ్గుదండ అంటాం. అది వేలాడినన్నాళ్ళూ మంచినీళ్ళ కుళాయి దగ్గర మా వీధి అందరికంటే వెనక. ఏళ్ళ తరబడి కట్టని దండ అది. కడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

అష్టమి

ఇంకో రెండు ముక్కలు. అదే రంగు, అదే కత్తిరింపు.

రాత్రి కంటి మీద కునుకు లేదు. అమావాస్య వారంలో పడింది. అమావాస్య పోటుకి పంపు ఊపిరి తీసుకోకుండా నడవాలి. ఇవాళ ముక్కలు వస్తున్నాయి, రేపు పాకెట్టే వస్తే? "నీ వల ఉంది గదే, ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు" అన్నాడు మా ఆయన. వల పీచుదయ్యా, దేవుడు నేసింది కాదు అన్నాను.

వలకాపరికి ఏ ఇంటి వంటగదైనా చూసే హక్కుంది. చూశాను. బంగారయ్య మావయ్య ఇంట్లో మరీ నిదానంగా చూశాను. ఆయనకి మనవల పెళ్ళిళ్ళు అయిపోయాయి గానీ జుట్టు మాత్రం కాటుక. "మావయ్యా, ఆ నలుపు ఎక్కణ్ణించి వచ్చింది?" అంటే "మా వంశంలో అంతేనే, మా తాతకీ అంతే" అన్నాడు. వాళ్ళ తాత బోడిగుండు, ఆ ఫొటో గోడ మీదే ఉంది. ఏమీ దొరకలేదు గానీ.

సాయంత్రం కుళాయి దగ్గర ఐదు వీధుల వాళ్ళూ పట్టుకోగా మాకు మిగిలింది అడుగు నీళ్ళు, మట్టి రంగు. మూడో వీధి వాళ్ళు ఇకిలిస్తున్నారు. వాళ్ళ వల ఎప్పుడూ ఖాళీయే, ఏటేటా ఆఫీసు వాళ్ళ జెండా వాళ్ళ వీధికే. నాకు కోపం ముక్కు మీదికొచ్చింది. బిందె కింద పెట్టి అరిచాను.

"ఎవరే ఆ మహాతల్లి? మీ ఇంట్లో పాకెట్లు చింపుకుని మా పీకల మీదికి తెస్తారా? పారేసిన చెయ్యి పడిపోను! ఆ తిండి తిన్న కడుపు మాడిపోను!"

అందరూ తలలూపారు. మా ఇంటికి రెండిళ్ళవతల పైడితల్లి ఒక్కతే తల దించుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, భుజం మీద మూడు నెలల చంటాడు. మొగుడు పూడిక తీసే పడవ మీద పనికెళ్ళాడు, నెలకోసారి వస్తాడు. చంటాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "నీ అరుపులకి బిడ్డ బెదిరిపోయాడు, ఆపవే" అన్నారెవరో. ఆపాను.

దశమి

నిన్నా లేదు, ఇవాళా లేదు. వల ఖాళీ. పేరు పెట్టకుండా తిట్టినా తగలాల్సిన వాళ్ళకి తగిలింది. రెండు రోజులు వరసగా ఖాళీ ఉంటే దండ విప్పెయ్యొచ్చు కాబట్టి నా చేత్తో విప్పేశాను. ఆఫీసుకి రాసుకో పెట్టె, ఆరో వీధి మళ్ళీ శుభ్రం, నూకరత్నం నోటికి జోహారు.

ఒకటే చిరాకు. మధ్యాహ్నమయ్యేసరికి వీధిలో ఏదో వాసన. కమురు వాసనలా ఉంది గానీ కమురు కాదు. గొంతులో జిగురులా పట్టుకుంటుంది. పంపు బెల్టు కాలుతోందేమోనని పరుగెత్తుకెళ్ళాను. మా ఆయన బెల్టు మీద చెయ్యి పెట్టి చూపించాడు, చల్లగా ఉంది.

"వల నిండితే ఏడుస్తావు, ఖాళీగా ఉన్నా ఏడుస్తావు. ఏటే నీ బాధ?"

"వాసన రాట్లేదేటి మావా నీకు?"

"నాకు గ్రీజు వాసన తప్ప ఇంకో వాసన తెలీదే" అన్నాడు.

ఇంటికొచ్చాను. కూచోలేను, పడుకోలేను. వాసన ఎటు నించి వస్తోందో పట్టుకుందామంటే గాలి మారిపోతోంది.

ద్వాదశి

చదివే బాబూ, ఇవాళ కొంచెం నిదానంగా చదువు.

పైడి కొడుకు రెండు రోజులుగా దగ్గుతున్నాడు. చంటిపిల్లల దగ్గు విన్నాక ఏ ఇల్లాలూ ఊరికే కూచోలేదు. వాము వేయించి గుడ్డలో మూటగట్టి, వాడి రొమ్ముకి కాపడం పెడదామని వెళ్ళాను. వీధి తలుపు గడియపెట్టుంది. పట్టపగలు గడియేంటని దొడ్డివైపు వెళ్ళి తలుపు తోశాను.

గది నిండా నల్ల పొగ. కిటికీ మూసేసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. పొయ్యి ముందు పైడి, చేతిలో పాకెట్టు. సగం పొయ్యిలో ఉంది, కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది. అదే గదిలో చీర ఉయ్యాల, అందులో వాడు.

నేను ముందు బిడ్డని తీశాను. తర్వాత కిటికీ తెరిచాను. తర్వాతే దాని మీద విరుచుకుపడ్డాను. "చంపేస్తావుటే వాణ్ణి! బుద్ధుందా నీకు! కిటికీ ఎందుకు మూశావు?"

"పొగ బయటికెళ్తే నువ్వు చూస్తావని అత్తా" అంది.

బిడ్డ నా భుజం మీద దగ్గుతున్నాడు. పైడి చెప్పుకుంటూ పోయింది. పురిటి జ్వరం వచ్చి తగ్గాక పాలు ఎండిపోయాయి. గట్టు మీద అంతా ఉప్పునేల, గడ్డి లేదు, ఆవులన్నీ పైఊళ్ళలోనే. గంజి పోస్తే వాడికి పడలేదు, నీళ్ళ విరేచనాలు. నింపుడు కొట్టులో పాలపొడి లేదు. చేపల పడవ వాళ్ళు పైనుంచి బుట్ట అడుగున దాచి పాకెట్లు తెస్తున్నారు, రెట్టింపు ధర. చింపిన ముక్కలు తెలీక తూములో పోయాయి.

"నువ్వు కుళాయి దగ్గర అన్నావు గదా అత్తా, పారేసిన చెయ్యి పడిపోవాలని. అప్పణ్ణించీ పారెయ్యట్లేదు. కాల్చేస్తున్నాను."

"పాలు లేవని ఒక్కళ్ళకి చెప్పొచ్చు గదే!"

"చెప్తే ఏటవుద్ది? వీధికి దండ పడుద్ది. నా మూలంగా అందరూ మట్టినీళ్ళు తాగాల. పాలు లేనిదీ పాకెట్ల దొంగదీ అని నన్నే తిట్టరా? నువ్వు తిట్టవా?"

తిడతాను. తిట్టాను కూడా. తిన్న కడుపు మాడిపోవాలన్నాను. ఆ కడుపు ఇదిగో, నా భుజం మీద ఉంది. వాడికింకా పన్ను కూడా రాలేదు. సిగ్గేసింది బాబూ. గట్టు మీద ఇన్నేళ్ళున్నాను గానీ ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మిగిలిన ఖాళీ పాకెట్లు చాటలో పోయించాను. "ఇంకొక్కటి కాల్చావంటే నేనే నిన్ను పొయ్యిలో పెడతాను" అన్నాను. అన్నీ కడిగి, ఆరబెట్టి, మా ఇత్తడి బిందెలో వేసి మూత పెట్టాను. ఆరిన పాకెట్టు బిందెలో ఉన్నంతసేపూ ఏ పంపుకీ అడ్డం పడదు. ఈ మాత్రం ఆలోచన కుళాయి దగ్గరే వచ్చుంటే ఎంత బాగుండేది.

వాడికి కాపడం పెట్టాను. ఆకు మందు పోశాను. ఇప్పుడు మా ఇంట్లోనే పడుకున్నారు ఇద్దరూ. దగ్గు ఇంకా ఉంది. ఈ మాటలన్నీ చెరిపెయ్యడానికి నొక్కాల్సిన మీట ఎక్కడుందో నాకు తెలుసు. నొక్కను.

త్రయోదశి

గట్టు ఆఫీసుకి వెళ్ళాను. సూపర్వైజరు విశ్వేశ్వరం గారు. మంచాయనే, గట్టిగా మాట్లాడరు. కుర్చీ చూపించారు. నేను కూచోలేదు, కూచుంటే మాట మెత్తబడిపోతుంది నాకు.

"బాబూ, నింపుడు కొట్టులో పాలపొడి పెట్టించాలి."

"ఎందుకమ్మా? అవసరం లేదుగా."

"అవసరం లేదని ఎవరన్నారు?"

"వలలు అన్నాయి" అన్నారాయన, నవ్వకుండానే. "కొట్టులోకి ఏం తేవాలో మేమెలా నిర్ణయిస్తామనుకున్నావు? వలల్లో పడ్డదాన్ని బట్టే. మొదట్లో నూనె పాకెట్లు పడ్డాయి, నూనె పీపా వచ్చింది. షాంపూ పాకెట్లు పడ్డాయి, కుంకుడు పీపా వచ్చింది. ఏ పాకెట్టు ఎక్కువ పడితే ఆ సరుకు విడిగా దొరకట్లేదని అర్థం. అది చూడ్డానికే మీ పెట్టె రోజూ అడుగుతుంది. చాలా ఏళ్ళుగా ఏ వీధి వలలోనూ ఏమీ పడట్లేదు. అంటే జనానికి కావలసినవన్నీ ఉన్నాయన్నమాట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే నేను రోజూ వల ఖాళీ, ఖాళీ అని గొప్పగా చెప్తుంటే వీళ్ళు ఇక్కడ మా వీధికి ఏమీ అక్కర్లేదని రాసుకుంటున్నారు!

"మరి ఆ దండ దేనికి బాబూ?"

"అదీ మొదట్లో చూసుకోడానికే కట్టించారు. ఏ వీధికి ఏం కావాలో దారినపోతూ తెలుస్తుందని. నీళ్ళ వరస రూలు తర్వాత వచ్చింది."

"ఆ వరస వచ్చాకే అందరూ పారెయ్యడం మానేశారు. వాడ్డం మానలేదు బాబూ. పారెయ్యడం మానేశారు. తేడా తెలుస్తోందా మీకు? కాలుస్తున్నారు. పసిబిడ్డ పక్కన కాలుస్తున్నారు."

ఆయన మొహం మాడింది. పాలపొడి పీపాలో పెడితే ఈ ఉప్పుగాలికి గడ్డ కడుతుందన్నారు, పురుగు పడుతుందన్నారు. పీపా ఎందుకు, బిగుతు మూత స్టీలు డబ్బాల్లో పైఊరి పాలకేంద్రంలోనే నింపించండి, ఖాళీ అయినవి ఆవిరిలో ఉడికించి వెనక్కి పంపుతాం, పప్పు డబ్బాలు తిరగట్లేదా అన్నాను. ఆ మాట నచ్చింది ఆయనకి.

"కానీ నూకరత్నం, ఒక్క ఇంటి కోసం పాలకేంద్రం వాళ్ళు డబ్బాలు కట్టరు. ఎన్నిళ్ళకి కావాలో చూపించాలి. వలలో పడని దానికి సరుకు అడిగే అధికారం నాకు లేదు. అమావాస్య నాటి పడవకే చీటీ వెళ్తుంది, అది తప్పితే మళ్ళీ నెలకే."

అమావాస్య ఎల్లుండి. పైడి దగ్గర పాలపొడి మహా అయితే ఇంకో వారం వస్తుంది. చేపల పడవ వాడు దండ గొడవ విని ఇటు రావడమే మానేశాడు.

చతుర్దశి

పొద్దున్నే కుళాయి దగ్గర ఆరో వీధి అంతటినీ నిలబెట్టాను. చెప్పాల్సింది తిన్నగా చెప్పాను. ఎవరింట్లో ఏం దాచుకున్నారో తెండి, మనమే దండ కడదాం, అది చూస్తేగానీ కొట్టులోకి కొత్త సరుకు రాదు అని.

ఒక్కరు కదల్లేదు. "రేపు అమావాస్యే. పోటుకి తొట్టెల్లోకి ఉప్పునీళ్ళు ఊరతాయి. రేపు మంచినీళ్ళలో వెనకబడ్డామంటే ఏం తాగాల?" అని ఒకావిడ. "మా ఇంట్లో ఏమీ లేదు" అని పదిమంది. "మొన్న చెయ్యి పడిపోను అన్నదానివి, ఇవాళ చేతికిమ్మంటున్నావా?" అని బంగారయ్య మావయ్య. ఆ మాట నాకు తగలాల్సిందే, తగిలింది. నేను పొరపాటు పడ్డాను, తిట్టకుండా ఉండాల్సింది అన్నాను. నా నోట ఆ మాట విని వాళ్ళు ఇంకా బెదిరిపోయారు.

అప్పుడు పైడి వచ్చింది. బిడ్డ ఒక భుజం మీద, మా ఇత్తడి బిందె ఇంకో చంకలో. వీధి మొగకి వెళ్ళి, కింద కూచుని, బిందెలోంచి ఒక్కో పాకెట్టూ తీసి పురికొసకి గుచ్చడం మొదలెట్టింది. బిడ్డ దగ్గుతుంటే ఆగి, వీపు నిమిరి, మళ్ళీ గుచ్చుతోంది. నేను వెళ్ళి పురికొస రెండో చివర పట్టుకున్నాను.

ఒక్కొక్కరే ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. అయిపోయింది, తలుపులేసుకుంటారు అనుకున్నాను.

ముందు బంగారయ్య మావయ్యే తిరిగొచ్చాడు. తువ్వాలులో మూట, విప్పితే జుట్టు రంగు పాకెట్లు. "మా వంశం" అన్నాడు, నా మొహం చూడకుండా. నవ్వొచ్చింది నాకు, ఆపుకోలేకపోయాను. పైడి కూడా నవ్వింది, ఇన్ని రోజుల్లో మొదటిసారి. తర్వాత ఒకమ్మ బీపీ బిళ్ళల రేకులు తెచ్చింది, బియ్యం డబ్బా అడుగున దాచిందట. ఇద్దరాడపిల్లలు కొంగు చాటున బయటున్నప్పుడు వాడే పాడ్‌ల కవర్లు తెచ్చి నా చేతిలో పెట్టి పరుగెత్తారు. ఇంకో ఇంటి నించి మంచాన పడ్డ ముసలాయన డైపర్ల కవరు. మావయ్య రంగు తప్పిస్తే ఇది షోకులకి కొనుక్కున్న సరుకు కాదు. ఏదీ లేక, ఎక్కడా దొరక్క, దొంగల్లా తెచ్చుకున్నవి.

దండ వీధికి ఈ గోడ నించి ఆ గోడకి వచ్చింది. ఇంకా మిగిలితే రెండో వరస కట్టాం.

అమావాస్య

పొద్దున్నే పోటు. గట్టు మీద నిలబడితే సముద్రం పాదాలకి తగిలేలా ఉంది. పంపు నిన్న సాయంత్రం నించి ఆగకుండా నడుస్తోంది.

విశ్వేశ్వరం గారు చీటీ పట్టుకుని వచ్చారు. దండ కింద నిలబడి తలెత్తి చూశారు. చాలాసేపు చూశారు. నేను ఉత్సాహంగా ఒక్కోటీ చూపిస్తున్నాను, ఇది ఫలానాదానికి, ఇది ఫలానాదానికి అని.

"నూకరత్నం, ఇవి వలలో పడ్డవి కావుగా. మీరు కట్టుకున్నవి" అన్నారు చివరికి. "రేపు ప్రతి వీధీ ఇలాగే కట్టుకుని సరుకు అడిగితే నేనేం చెప్పాలి పైవాళ్ళకి? పైగా ఇన్ని పాకెట్లు గట్టు మీద ఉన్నాయని ఒప్పుకున్నట్టు. రూలు ప్రకారం నేను మీ వీధి నీళ్ళ వరస వెనక్కి రాయాలి. అంతే రాయగలను."

వెనకనించి ఎవరో నన్నే తిట్టారు. నేను ఆయనకి జవాబు చెప్పబోతుంటే పంపు దగ్గింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆగిపోయింది.

నా జీవితంలో అంత నిశ్శబ్దం రెండోసారి వినడం. అందరం పరుగెత్తాం. సూపర్వైజరు గారు కూడా చెప్పులు వదిలేసి పరుగెత్తారు. పంపు గుంటలో నీళ్ళు చూస్తుండగానే మెట్టు ఎక్కుతున్నాయి. మా ఆయన నడుముకి తాడు కట్టుకుని దిగాడు. మునిగాడు. నేను తాడు పట్టుకుని ఏ దేవతని తిట్టానో ఏ దేవతకి మొక్కానో నాకే తెలీదు. పైకొచ్చాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. మూడోసారి వచ్చినప్పుడు చేతిలో మూట ఉంది. పాత చీర ముక్క, దాంట్లో రాయి. మూట చిరిగి లోపలివన్నీ పంపు రెక్కలకి చుట్టుకుపోయి ఉన్నాయి, పాకెట్లు, పాకెట్ల మీద పాకెట్లు. కొన్ని మా దండలో ఉన్నవే.

"మూడో వీధి కాలవ వైపు నించి వచ్చింది" అన్నాడు మా ఆయన, రొప్పుతూ. "రాయి కట్టి ముంచేస్తే వల కింద నించి దొర్లిపోద్ది గదా. వల ఖాళీగానే ఉంటాది."

ఇంకా రెండు మూటలు తీశాక గానీ పంపు కదల్లేదు. కదిలినప్పుడు అక్కడున్న మగాళ్ళు కూడా ఏడ్చారు. మూడో వీధి వాళ్ళూ ఉన్నారు మాలో. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

విశ్వేశ్వరం గారు మెట్టు మీద కూలబడిపోయారు, పంచె తడిసిపోయి. ఆ మూట ఆయన ఒళ్ళో ఉంది. పైడి ముందుకొచ్చింది. కుళాయి దగ్గర తలెత్తని పిల్ల, అందరూ వినేలా అంది.

"బాబూ, నా పేరు పైడితల్లి. ఆరో వీధి. నాకు పాలు లేవు. మా వాడికి పాలపొడి కావాల. రాసుకోండి."

ఆయన తలెత్తి దాన్ని చూశారు. తడిసిన చీటీ మోకాలి మీద పరిచి రాశారు. రాసి, కలం ఎత్తి, "ఇంకా?" అని అడిగారు. రెండో వీధి వైపు నించి ఒక గొంతు, "మాకు బీపీ బిళ్ళలు, సీసాలో." ఆ తర్వాత ఇంక ఆగలేదు. చీటీ చాలక వెనక వైపు కూడా రాశారు.

ఇవాళ మాకు వచ్చింది మట్టినీళ్ళే. వడగట్టుకుని తాగాం. పైడికి మాత్రం మూడో వీధి నించి ఎవరో మంచినీళ్ళ బిందె పంపించారు, పేరు చెప్పలేదట.

శుద్ధ చవితి

వలలో ఏమీ పడలేదు. దాంతోపాటు ఇది కూడా రాసుకో పెట్టె, నీళ్ళ వరస రూలు తీసేశారు. ఇప్పుడు వీధి మొగలో దండ బదులు మూత బుట్ట పెట్టాం, ఎవరి దగ్గర ఏ పాకెట్టు మిగిలినా అందులో వెయ్యాలి, ఎవరిదని అడగం. బుట్టలో ఏం పడిందో నేను నీకు చెప్తాను.

పడవ ఇవాళొచ్చింది. స్టీలు డబ్బాలు, మూతకి మైనం సీలు, గిలక్కొడితే లోపల పొడి కదిలే చప్పుడు. పైడి కోసమని నేను పొద్దున్నే నింపుడు కొట్టుకి వెళ్ళాను. నేనూ పైడీ ఇద్దరమే ఉంటాం అనుకున్నాను. అప్పటికే వరస ఉంది. రెండో వీధి, నాలుగో వీధి, ఐదో వీధి, అందరి చంకల్లోనూ చంటిపిల్లలు. నాకు తెలిసిన మొహాలే అన్నీ. రోజూ కుళాయి దగ్గర కనబడేవాళ్ళే. ఒక్కరి సంగతీ నాకు తెలీదు. పైడి కొడుక్కి దగ్గు తగ్గింది, వరసలో ముందున్న పిల్లాడి జుట్టు లాగుతున్నాడు.

వరస అయిపోయాక మూడో వీధి సన్యాసమ్మ వచ్చింది. ఆవిడ చేతిలో సంచి లేదు, చంకలో పిల్ల లేదు. వానాకాలంలో పోయింది ఆ పిల్ల, పాలు తాగే వయసులోనే, జలుబు చేసి. మేమంతా జలుబనే అన్నాం, వెళ్ళి పలకరించి వచ్చాం కూడా.

ఆవిడ ఏమీ కొనలేదు. బల్ల మీదున్న డబ్బా ఒకటి తీసుకుంది. మూత మీద వేలితో నిమిరింది, అటూ ఇటూ తిప్పింది. తిరిగి పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది.

"ఇది అడిగితే వచ్చేదా అక్కా?" అంది నాతో.

ఎన్నో చెప్పొచ్చు. అప్పుడు మాకూ తెలీదమ్మా అనొచ్చు. పైడి నా వంక చూస్తోంది. సన్యాసమ్మ కదలకుండా నిలబడింది, జవాబు వినే వెళ్తానన్నట్టు.

"వచ్చేదమ్మా" అన్నాను.